కదిలితే మోగే సంగీతం: ఒంటికి కట్టుకునే సెన్సర్ల వెనక అసలు లెక్క

చేతులకు నల్లటి గ్లవ్స్ తొడుక్కున్న గాయని పిడికిలి బిగిస్తుంది, డ్రమ్స్ మొదలవుతాయి. చెయ్యి పైకెత్తగానే ఒక్క గొంతు బృందగానమవుతుంది. మణికట్టు తిప్పితే ఆ శబ్దమంతా నీళ్లలో మునిగినట్టు మందగిస్తుంది. ఇలాంటి వీడియోల కింద కామెంట్లు చదివితే రెండు రకాల జనం కనిపిస్తారు. "అంతా ముందే రికార్డు చేసి పెట్టుకున్నదే, చేతులు ఊరికే ఊపుతోంది" అనేవాళ్లు కొందరు. "ఇక వీణా వయొలినూ ఎవరు నేర్చుకుంటారు, చెయ్యి ఊపితే చాలుగా" అనేవాళ్లు ఇంకొందరు. ఇద్దరి మాటా సరైంది కాదు. అయితే వాళ్లను తప్పుపట్టలేం. గిటారు తీగ మీటితే ఏం జరిగిందో కంటికి కనిపిస్తుంది. ఇక్కడ కదలికకూ శబ్దానికీ మధ్య ఏం జరుగుతోందో చూసేవాళ్లకు అంతుపట్టదు.

## గజ్జెకు అక్కర్లేని నిర్ణయం

కదిలితే మోగేదాన్ని ఒంటికి కట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. కూచిపూడి నర్తకి కాళ్ల గజ్జెలు చేసేది అదే. అడుగు మెల్లగా పడితే మెల్లగా, గట్టిగా పడితే ఘల్లుమని మోగుతాయి. కాలు ఆగాక కూడా ఒక్క క్షణం సన్నగా వణుకుతాయి. ఎంత బలానికి ఎంత శబ్దం రావాలో ఎవరూ కూర్చుని లెక్క కట్టలేదు. ఇత్తడి మువ్వ మందం, లోపలి గుండు బరువు కలిసి ఆ సంగతి తేల్చేశాయి.

సెన్సర్ దగ్గరికి వచ్చేసరికి ఈ బంధం తెగిపోతుంది. కదలిక ముందు అంకె అవుతుంది, ఆ అంకె తర్వాత శబ్దమవుతుంది. కాలు తట్టగానే మృదంగం మోగొచ్చు, వాన కురవొచ్చు, ఏనుగు ఘీంకరించొచ్చు. లేదా కొత్తగా ఏమీ మోగకుండా అప్పటికే నడుస్తున్న పాట శ్రుతి మారొచ్చు. ఏ అంకె ఏ శబ్దాన్ని ఎలా కదిలించాలో ఎవరో ఒకరు తేల్చాలి. దీన్నే మ్యాపింగ్ అంటారు. కదలికను పట్టే చిప్పు ఇవాళ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఏళ్లు తినేసేది మ్యాపింగే.

చరిత్ర చూసినా ఇదే తెలుస్తుంది. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ తెర్మెన్ ముట్టుకోకుండా వాయించే థెరెమిన్ తయారుచేశాడు. చెయ్యి యాంటెనాకు దగ్గరైతే స్వరం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. తర్వాత అమెరికాలో అదే సూత్రంతో నర్తకి నిలబడే వేదికనే వాద్యంగా మార్చి టెర్ప్సిటోన్ అని పేరు పెట్టాడు. 1965లో న్యూయార్క్‌లో సంగీతకర్త జాన్ కేజ్, నృత్యదర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 'వేరియేషన్స్ 5' ప్రదర్శించినప్పుడు నర్తకులు వేదిక మీది యాంటెనాల మధ్య తిరుగుతుంటే శబ్దాలు మారేవి. ఆ యాంటెనాలు తయారుచేసింది సింథసైజర్లతో పేరు తెచ్చుకున్న రాబర్ట్ మోగ్. వీటన్నిటిలో సెన్సర్ ఉండేది ఒంటి మీద కాదు, చుట్టుపక్కల.

తొడుక్కునే వాద్యాలకు పేరొచ్చింది 1980లలో. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టైమ్ స్టూడియోలో మిషెల్ వైస్‌విస్ 1984లో 'ద హ్యాండ్స్' అనే చేతి పరికరాన్ని వేదిక ఎక్కించాడు. లెటీషియా సొనామి 1991లో వంటింటి రబ్బరు గ్లవ్స్ తీసుకుని, ఎడమ చేతి వేళ్ల చివర్లకు అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సర్లు అతికించి, కుడి చేతికి అయస్కాంతం పెట్టుకుంది. దాన్నే మెరుగుపరుస్తూ 'లేడీస్ గ్లవ్' పేరుతో ఏళ్ల తరబడి వాయించింది. 1990ల మధ్యలో యమహా కంపెనీ భుజాలకూ మోచేతులకూ మణికట్లకూ సెన్సర్లున్న 'మిబురి' అనే చొక్కాను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. అదే దశాబ్దంలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జో పారడైసో బృందం ఒక్కో బూటులో 16 కొలతలు తీసే డాన్స్ షూస్ చేసింది. గత పదిహేనేళ్లలో బాగా పేరొచ్చినవి బ్రిటిష్ గాయని ఇమోజెన్ హీప్ మొదలుపెట్టిన మిము గ్లవ్స్. అరియానా గ్రాండే 2015 టూర్‌లో వాడింది కూడా వీటినే.

వీళ్లలో సొనామి, వైస్‌విస్‌లను ఇప్పటికీ తలుచుకోవడానికి కారణం వాళ్ల సెన్సర్లు గొప్పవని కాదు. ఒకే పరికరం మీద ఏళ్ల తరబడి సాధన చేశారు, అదీ కారణం.

## చిప్పు నిజంగా ఏం కొలుస్తుంది

యాక్సిలరోమీటర్ అనగానే చెయ్యి ఎంత వేగంగా వెళ్తోందో చెబుతుందనుకుంటాం. అది చెప్పేది వేగం కాదు, వేగంలో వచ్చే మార్పు. పైగా అందులో భూమ్యాకర్షణ కూడా కలిసే ఉంటుంది. బల్ల మీద కదలకుండా పెట్టిన చిప్పు కూడా 1 జి (అంటే భూమ్యాకర్షణ అంత) అని చూపిస్తూనే ఉంటుంది. ఈ కలగలుపే మొదటి తలనొప్పి.

లెక్క చూడండి. చెయ్యిని కదపకుండా 30 డిగ్రీలు పక్కకు వంచితే, పక్క దిశలో చిప్పు 0.5 జి చూపిస్తుంది, ఎందుకంటే సైన్ 30 విలువ సగం. ఇప్పుడు చెయ్యి వంచకుండా అదే దిశలో ఒక మోస్తరు విసురు విసిరితే ఆ క్షణంలో కూడా పక్క దిశలో 0.5 జి రావొచ్చు. ఆ ఒక్క అంకె చూసి వంచారో విసిరారో చెప్పడం కుదరదు. నెమ్మదిగా సాగే అభినయంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. చురుకైన నృత్తంలో మాత్రం ప్రతి విసురూ వంపులాగే కనిపిస్తుంది.

పోనీ, చెయ్యి గాలిలో ఎక్కడుందో లెక్కగడదామంటే? త్వరణం నుంచి వేగం, వేగం నుంచి దూరం గణితంలో సులువే. కానీ చిప్పు కొలతలో 0.01 జి తప్పుందనుకోండి, అంటే సెకనుకు సెకనుకు సుమారు 0.1 మీటర్. 10 సెకన్లు గడిచేసరికి ఆ తప్పు సగం ఇంటూ 0.1 ఇంటూ 100, అంటే 5 మీటర్లు. నర్తకి కదలకుండా నిలబడి ఉన్నా ఆమె చెయ్యి ప్రేక్షకుల మూడో వరసలో ఉందని కంప్యూటర్ నమ్మేస్తుంది. అందుకే ఒక్క మణికట్టు సెన్సర్‌తో "చెయ్యి ఎత్తు ఎంతో చెబుతాం" అని ఎవరైనా అంటే, ఎంతసేపు అని అడగాలి.

గైరోస్కోప్ పని వేరు. ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది, విసుర్లకు మోసపోదు. దాని జబ్బు దానికుంది: మెల్లగా దారి తప్పుతుంది. సెకనుకు 1 డిగ్రీ తప్పును సరిదిద్దకుండా వదిలేస్తే 3 నిమిషాల పాట అయ్యేసరికి 180 డిగ్రీలు. ముందుకు చాచిన చెయ్యి వెనక్కి చాచినట్టు లెక్క. ఉత్తర దిక్కు చూపే మాగ్నెటోమీటర్‌తో దీన్ని సరిదిద్దుతారు కానీ వేదిక మీద స్పీకర్లలో పెద్ద పెద్ద అయస్కాంతాలుంటాయి, చుట్టూ ఇనుప ట్రస్సులుంటాయి. ఇంట్లో సరిగ్గా పనిచేసింది హాల్లోకి వెళ్లగానే దిక్కు మరిచిపోతుంది.

అందుకే ఈ మూడిటినీ కలిపి వాడతారు. వాటిలో తేలికైన పద్ధతి ఇదీ: ప్రతిసారీ వంపు కోణాన్ని లెక్కగట్టేటప్పుడు గైరో మాటకు 98 శాతం, యాక్సిలరోమీటర్ మాటకు 2 శాతం విలువ ఇవ్వడం. తక్షణ కదలికకు గైరో మాట చెల్లుతుంది. పోగుపడే తప్పును రెండోది మెల్లగా వెనక్కి లాగుతుంది. ఇంతకన్నా మెరుగైన లెక్కల్లో సెబాస్టియన్ మాడ్‌విక్ రాసిన ఫిల్టర్ బాగా వాడుకలో ఉంది.

వేళ్ల సంగతికి వస్తే వంగేకొద్దీ విద్యుత్ నిరోధం మారే పలచటి పట్టీలు వాడతారు. మిము గ్లవ్స్‌లో మణికట్టు కదలికకు ఒక చిప్పు, వేళ్లకు ఈ పట్టీలు. కండరాల విద్యుత్తును పట్టే సెన్సర్లు ఇంకో దారి. అటావ్ తనాకా 1990ల నుంచి ఈ దారిలో వాయించాడు. ఇందులో చెయ్యి కదలక్కర్లేదు, బిగిస్తే చాలు.

## ఒక అడుగు, ఒక మృదంగం దెబ్బ

నర్తకి చీలమండకు సెన్సర్ కట్టి, అడుగు పడ్డప్పుడల్లా మృదంగం దెబ్బ వినిపించాలని అనుకుందాం. ఇంతకన్నా చిన్న కోరిక ఉండదు. ఇందులోనూ ఎన్ని చిక్కులున్నాయో చూడండి.

మొదటిది కొలత పరిధి. ఎంపీయూ-6050 అనే చవక చిప్పును 2 జి నుంచి 16 జి దాకా వేర్వేరు పరిధుల్లో పెట్టుకోవచ్చు. 2 జి దగ్గర పెడితే చిన్న కదలిక కూడా స్పష్టంగా తెలుస్తుంది: ఒక్క జిని 16,384 మెట్లుగా చూపిస్తుంది. కానీ గట్టి అడుగు 2 జిని సునాయాసంగా దాటేస్తుంది కాబట్టి మోస్తరు దెబ్బా బలమైన దెబ్బా ఒక్కలాగే కనిపిస్తాయి. 16 జి దగ్గర పెడితే దెబ్బల మధ్య తేడా దొరుకుతుంది కానీ ఒక్క జికి 2,048 మెట్లే మిగులుతాయి. పాదాలకు 16 జి, అభినయం చేసే చేతులకు 2 లేదా 4 జి పెట్టడం సబబు. చేతికీ కాలికీ ఒకే సెట్టింగ్ పెట్టేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు.

రెండోది ఎన్నిసార్లు చూడాలన్నది. సెకనుకు 100 సార్లు చదివితే రెండు కొలతల మధ్య 10 మిల్లీసెకన్లు ఖాళీ. అడుగు దెబ్బ తారస్థాయి రెండు మూడు మిల్లీసెకన్లలో వచ్చి పోతుంది, ఆ ఖాళీలో జారిపోవచ్చు. కాబట్టి సెకనుకు 1,000 సార్లు చదువుదాం. ఉదాహరణకు మిల్లీసెకనుకొకటి చొప్పున ఇలా వచ్చాయనుకోండి, జిలలో: 1.1, 1.3, 3.8, 9.6, 12.4, 7.0. హద్దు 3 జి అని పెడితే మూడో కొలత దగ్గరే "అడుగు పడింది" అని తెలుస్తుంది. అయితే ఎంత గట్టిగా పడిందో అప్పటికింకా తెలీదు. 12.4 తారస్థాయి అని తెలియాలంటే దాని తర్వాతిది తగ్గడం చూడాలి, అంటే ఇంకో 3 మిల్లీసెకన్లు ఆగాలి. వెంటనే మోగిస్తే బలం తెలీదు. బలం తెలియాలంటే ఆగాలి. డ్రమ్ ప్యాడ్‌లు తయారుచేసేవాళ్లకు కూడా ఈ బేరం తప్పలేదు.

మూడోది ఒకే అడుగుకు రెండు దెబ్బలు మోగడం. పాదం నేలను తాకి కొద్దిగా అదురుతుంది. కట్టు వదులుగా ఉంటే చిప్పు విడిగా ఊగుతుంది. పక్కనే కిలోల బరువు గజ్జెలుంటే వాటి అదురూ కలుస్తుంది. 30 మిల్లీసెకన్ల తర్వాత 4 జి ఇంకోటి రాగానే మృదంగం మళ్లీ మోగేస్తుంది. మందు ఏమిటంటే, ఒక దెబ్బ గుర్తించాక కొంతసేపు చెవులు మూసుకోమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం. ఎంతసేపన్నది చిప్పుల కేటలాగ్‌లో ఉండదు, తాళం నుంచి రావాలి. నిమిషానికి 80 దెబ్బల కాలప్రమాణంలో ఒక్కో దెబ్బ 750 మిల్లీసెకన్లు. అందులో "తకధిమి" నాలుగక్షరాలు వేస్తే ఒక్కోటి 187.5. కాలం రెట్టించి ఎనిమిది వేస్తే ఒక్కోటి సుమారు 94. రెండు కాళ్లకూ కలిపి 120 మిల్లీసెకన్లు చెవులు మూసేస్తే ద్రుతంలో ప్రతి రెండో అడుగూ మాయమవుతుంది. రెండు కాళ్లకు విడివిడిగా లెక్క పెట్టి 60 దగ్గర ఉంచితే జతి నిలబడుతుంది. తాళం తెలియని ఇంజనీరు ఇక్కడ చేతులెత్తేస్తాడు.

నాలుగోది, మడమ దెబ్బా మునివేళ్ల దెబ్బా నిండు పాదమూ ఒకటి కావు. చీలమండ దగ్గరి ఒక్క చిప్పుతో వీటిని వేరుచేయడం కష్టం. పారడైసో బృందానికి బూటు ఉంది కాబట్టి అరికాలి కింద ఒత్తిడి పట్టే సెన్సర్లు పరిచారు. మన నర్తకులవి వట్టి పాదాలు, అరికాలికి ఏది అతికించినా నేల స్పర్శ పోతుంది. కూచిపూడి తరంగంలో పళ్ళెం అంచుమీద నిలబడి చేసే ఘట్టానికైతే నా ఓటు ఒంటికి ఏమీ కట్టకపోవడానికే. ఆ ఇత్తడి పళ్ళేనికే కింద ఒక పియెజో బిళ్ళ (అదురును విద్యుత్ సంకేతంగా మార్చేది) అతికిస్తే పాదం చేసే చప్పుడంతా సూటిగా దొరుకుతుంది.

## ఎంత ఆలస్యమైతే పట్టుబడుతుంది

కదలికకూ శబ్దానికీ మధ్య గడిచే సమయాన్ని లేటెన్సీ అంటారు. పై ఉదాహరణలో లెక్క వేద్దాం. కొలతకు 1, తారస్థాయి కోసం 3, తక్కువ విద్యుత్ వాడే బ్లూటూత్‌లో చాలా పరికరాలకు రెండు సందేశాల మధ్య కనీస విరామం 7.5, కంప్యూటర్‌లో సెకనుకు 48,000 నమూనాల చొప్పున 256 నమూనాల ఆడియో బఫర్‌కు (మోగించే ముందు శబ్దాన్ని పోగుచేసుకునే చోటు) 5.3. మొత్తం 17 మిల్లీసెకన్లు. సౌండ్ కార్డ్ సొంత ఆలస్యం కలిస్తే 20 దరిదాపుల్లోకి వెళ్తుంది. దీనికి చివర్న మామూలు బ్లూటూత్ స్పీకర్ తగిలిస్తే ఇంకో 100 పైన కలుస్తుంది. ఇంట్లో ప్రయోగం చేసి "సెన్సర్ స్లోగా ఉంది" అని తిట్టుకునే చాలామంది విషయంలో అసలు దొంగ ఆ స్పీకరే. వైరు స్పీకర్ పెడితే సగం టెన్షన్ పోతుంది.

ఎంతవరకు పర్లేదు? అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు డేవిడ్ వెస్సెల్, మ్యాథ్యూ రైట్ 2002లో పెట్టిన గీటురాయి 10 మిల్లీసెకన్లు, అందులో హెచ్చుతగ్గులు 1 మిల్లీసెకనుకు మించకూడదు. చాలా ఇళ్లలో తయారైన పరికరాలు దీన్ని అందుకోవు. దీనికి ఎదురువాదం కూడా ఉంది. శబ్దం గాలిలో 10 మిల్లీసెకన్లకు 3.4 మీటర్లు వెళ్తుంది. వేదిక మీద 5 మీటర్ల దూరంలో కూర్చున్న మృదంగ విద్వాంసుడికి అడుగు చప్పుడు ఎలాగూ 15 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వినిపిస్తుంది, అయినా కచేరీ జరుగుతూనే ఉంది కదా అంటారు.

రెండు మాటలూ నిజమే, కానీ రెండూ ఒకే పరిస్థితికి వర్తించవు. మెల్లగా మారే తంబురా శ్రుతి మీద 50 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని ఎవరూ పట్టుకోలేరు. అడుగు దెబ్బకు మాత్రం పాదం తగిలిన స్పర్శ ఒక సాక్షి, గజ్జెల మోత రెండో సాక్షి. గజ్జె ఆలస్యం లేకుండా మోగేసింది కాబట్టి వెనక వచ్చే మృదంగం దెబ్బ దానికి అతుక్కోక రెండు దెబ్బలుగా వినిపిస్తుంది. గజ్జెలు విప్పితే అదే 20 మిల్లీసెకన్లు చాలామందికి తెలియకపోవచ్చు. ఇక ఆలస్యం ఒకే తీరుగా 20 ఉంటే కాలు అలవాటు పడుతుంది. ఒకసారి 5, ఒకసారి 35 అయితే ఎంత సాధన చేసినా అలవాటు పడదు. అందుకే వెస్సెల్, రైట్ ఆలస్యంకన్నా హెచ్చుతగ్గుల దగ్గరే కఠినంగా ఉన్నారు.

## 128 మెట్ల మీద గమకం

వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలో మామూలు కంట్రోల్ విలువలు 0 నుంచి 127 దాకానే. మణికట్టు వంపును రెండు స్థాయిల శ్రుతికి కలిపామనుకోండి. రెండు స్థాయిలంటే 24 స్వరస్థానాలు. 128 మెట్లలో ఒక్కో స్వరస్థానానికి అయిదు మెట్లకు కాస్త ఎక్కువ. శబ్దం తీవ్రతకైతే ఇది సరిపోతుంది. శ్రుతిలో అయితే మెట్లు దిగుతున్నట్టు వినిపిస్తుంది, తోడి రాగంలో గాంధారం అడిగితే పరువు పోతుంది. మిడిలోనే శ్రుతిని జార్చే పిచ్ బెండ్ సందేశానికి 16,384 మెట్లున్నాయి. బర్క్లీలోనే పుట్టిన ఓఎస్‌సీ (ఓపెన్ సౌండ్ కంట్రోల్) పద్ధతిలో దశాంశ సంఖ్యలు నేరుగా పంపొచ్చు. కాబట్టి మెట్ల సమస్యకు మందుంది.

మందు లేనిది ఇంకోటి. గాలిలో చేతికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. వీణ మీద మెట్లున్నాయి, వయొలిన్ మీద తీగ వేలికి తగులుతుంది. థెరెమిన్‌లో ఒళ్లు కదిలినా స్వరం మారిపోతుంది కాబట్టి వాయించేవాళ్లు శిలలా నిలబడతారు. చేతి వణుకును సగటు తీసి నునుపు చేద్దామంటే ఆలస్యం పెరుగుతుంది: సెకనుకు 100 కొలతల్లో 20 కొలతల సగటు తీస్తే సుమారు 95 మిల్లీసెకన్లు వెనకబడతాం. దగ్గరి స్వరానికి తనంతట తానే అతుక్కునేలా చేస్తే అపస్వరం రాదు, పిల్లలకు సరదాగా ఉంటుంది. గమకం మాత్రం చచ్చిపోతుంది.

## ఏ కదలికకు ఏ శబ్దం

ఇక అసలు గొడవ. మ్యాపింగ్‌లో తేలికైనది ఒకదానికొకటి: చెయ్యి ఎత్తితే శబ్దం పెరుగుతుంది, వేలు వంచితే శ్రుతి మారుతుంది. చూసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. "ముందే రికార్డు చేసింది" అనే అనుమానానికి ఇదే మందు అని ఒక వర్గం వాదన. అయిదు నిమిషాలు చూశాక విసుగొస్తుందని రెండో వర్గం. అసలు వాద్యాల్లో ఏదీ ఒకదానికొకటిగా ఉండదు. వయొలిన్ కమాను వేగం పెంచితే ధ్వనీ పెరుగుతుంది, నాదమూ మారుతుంది. కమాను ఒత్తిడి దానితో కలిస్తే ఫలితం ఇంకోలా ఉంటుంది.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో ఆండీ హంట్, రాస్ కిర్క్ ఒకే శబ్దాన్ని రెండు రకాలుగా నడిపించే ఏర్పాట్లు చేశారు. ఒకదానిలో ఒక్కో గుణానికి ఒక్కో స్లైడర్. రెండోదానిలో గుణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి, చెయ్యి కదుపుతూ ఉంటేనే శబ్దం వస్తుంది. తేలికైన పనులకు స్లైడర్లు పనికొచ్చాయి. పని కష్టమయ్యేకొద్దీ, సాధన పెరిగేకొద్దీ రెండోదే పైచేయి అయింది. మొదట్లో చిరాకు పెట్టినదే తర్వాత వాద్యంలా అనిపించిందన్నమాట.

కాలి సెన్సర్‌తోనే చూద్దాం. మొదటి పద్ధతిలో అడుగు బలం మృదంగం తీవ్రతను నడుపుతుంది, అంతే. రెండో పద్ధతిలో అడుగు బలం తీవ్రతతోపాటు నాదాన్ని కూడా కొంచెం మారుస్తుంది. అదే సమయంలో మొండెం ఎంత వంగిందన్నది ఆ దెబ్బ ఎంతసేపు మోగాలో తేలుస్తుంది. రెండడుగుల మధ్య ఎడం తగ్గితే ప్రతిధ్వని తనంతట తాను తగ్గిపోతుంది, లేకపోతే ద్రుతంలో అంతా కలగాపులగం అవుతుంది. ప్రేక్షకుడికి ఇవన్నీ విడివిడిగా తెలియవు. కానీ నర్తకి వంగితే శబ్దం కూడా కిందికి దిగినట్టు అనిపిస్తుంది.

కష్టం కనబడాలా అన్నది ఇంకో తగాదా. వైస్‌విస్ వంటి స్టైమ్ కళాకారులు ఒళ్లు పడే శ్రమ వినిపించకపోతే అది వాయించడమే కాదనేవారు. దీనికి గట్టి జవాబు మరో వైపు నుంచి వచ్చింది: కండరాలు సహకరించనివాళ్లకు, గిటారు పట్టుకోలేనివాళ్లకు చిన్న కదలికతో పెద్ద శబ్దం రావడమే ఈ పరికరాల విలువ. మిము గ్లవ్స్‌ను వైకల్యం ఉన్న సంగీతకారులు కూడా వేదికల మీద వాడారు. శ్రమను కొలమానంగా పెడితే వాళ్లు బయటే ఉండిపోతారు. నాకు రెండో వాదనే బరువుగా అనిపిస్తుంది. మొదటిది ఒక రుచి మాత్రమే.

ఈ మ్యాపింగ్ మొత్తం చేత్తో రాయాలా, కంప్యూటర్‌కు నేర్పాలా? రెబెకా ఫీబ్రింక్ 2009లో తెచ్చిన వెకినేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సూత్రాలు రాయక్కర్లేదు. పతాక హస్తం పట్టి "ఇది ఈ శబ్దం", ముష్టి పట్టి "ఇది ఆ శబ్దం" అని కొన్నిసార్లు చూపిస్తే మధ్యలో వచ్చేవన్నీ అదే ఊహించుకుంటుంది. పని గంటల నుంచి నిమిషాలకు దిగుతుంది. చిక్కేమిటంటే, తప్పు చేసినప్పుడు ఎందుకు చేసిందో తెలీదు. పైగా మీ చేతికి నేర్పింది మీ శిష్యురాలి చేతికి పనిచేయకపోవచ్చు. అందుకే దెబ్బల్లాంటి కచ్చితమైన వాటికి హద్దులతో రాసిన సూత్రాలు, ముద్రల్లాంటి వాటికి నేర్పే పద్ధతి వాడి రెండూ కలిపి నడిపేవాళ్లే ఎక్కువ.

## కెమెరా ఉండగా ఇవన్నీ ఎందుకు

ఫోన్ కెమెరా ఒంటి మీది కీళ్లను గుర్తుపట్టే రోజుల్లో ఈ ప్రశ్న న్యాయమైనదే. కెమెరాకు చెమట బాధ లేదు, చెయ్యి ఎక్కడుందో అది సూటిగా చెబుతుంది. కానీ సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో రెండు ఫ్రేముల మధ్యే 33 మిల్లీసెకన్లు పోతాయి. స్టేజ్ లైట్లు ఎర్రబడితే తడబడుతుంది. నర్తకి వీపు చూపిస్తే చేతులు మాయమవుతాయి. నెమ్మదిగా సాగే శబ్దాలకు కెమెరా, దెబ్బలకు ఒంటి మీది సెన్సర్ అన్న పంపకం బాగానే కుదురుతుంది.

తొడుక్కునేవాటికి వాటి కష్టాలు వాటికున్నాయి. తీగలు మోచేతి దగ్గర వంగి వంగి తెగుతాయి. చెమటకు కనెక్టర్లు తుప్పు పడతాయి. రిహార్సల్‌లో బ్రహ్మాండంగా నడిచిన వైఫై, హాల్లోకి 500 ఫోన్లు రాగానే నత్తనడక నడుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు తమ రూటర్‌ను రద్దీ తక్కువుండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెట్టి, వేదిక పక్కనే ఉంచుతారు.

## తాళం తప్పితే ఎవరు సర్దుతారు

కూచిపూడి ప్రదర్శనలో అడుగు ఒక వెంట్రుకవాసి ముందుకో వెనక్కో పోతే నట్టువాంగం చేసేవారు కళ్లతో పట్టేసి తాళాల మోత సర్దుతారు. మృదంగం కూడా అటే జరుగుతుంది. ప్రేక్షకుడికి తెలియనే తెలియదు. కాలికి కట్టిన సెన్సర్ ఆ దయ చూపదు. అడుగు ఎక్కడ పడితే దెబ్బ అక్కడే మోగుతుంది, తడబాటు పది స్పీకర్లలోంచి వినిపిస్తుంది.

దీనికి సాఫ్ట్‌వేర్‌వాళ్లు చెప్పే పరిష్కారం క్వాంటైజేషన్, అంటే అడుగు ఎప్పుడు పడినా దెబ్బను దగ్గరి అక్షరకాలానికి జరిపి మోగించడం. రికార్డింగ్‌లో ఇది ముందుకూ వెనక్కూ జరుపుతుంది. లైవ్‌లో వెనక్కి, అంటే గడిచిపోయిన సమయంలోకి, జరపడం కుదరదు. వేచి ఉండి తర్వాతి అక్షరం దగ్గర మోగించడం ఒక్కటే దారి. 80 కాలప్రమాణంలో "తకధిమి" మీద నడుస్తుంటే అడుగు 10 మిల్లీసెకన్లు ముందు పడితే 10 ఆగి మోగుతుంది, ఎవరికీ తెలియదు. అదే అడుగు 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడితే తర్వాతి అక్షరం దాకా, అంటే 177.5 మిల్లీసెకన్లు ఆగాలి. 10 మిల్లీసెకన్ల చిన్న పొరపాటు ఒక అక్షరం తప్పినంత పెద్దదవుతుంది. కాబట్టి దీన్ని సరిగ్గా వాడేవాళ్లు ముందుగా పడ్డ అడుగుల్నే ఆపి సర్దుతారు. ఆలస్యంగా పడ్డవాటిని పడ్డచోటే మోగనిస్తారు. దానికి కంప్యూటర్‌కు తాళం ముందే తెలిసి ఉండాలి, నర్తకి ఆ తాళం గడియారాన్ని చెవిలో వింటూ ఆడాలి. అప్పుడు నట్టువాంగం నర్తకిని చూసి నడవడం పోయి, నర్తకే గడియారాన్ని చూసి నడవడం మొదలవుతుంది. కాలప్రమాణం ఒకే తీరుగా సాగే జతులకు ఇది ఒప్పవచ్చు. భావం కోసం కాలాన్ని సాగదీసే పదాభినయానికి ఒప్పదు, అక్కడ క్వాంటైజేషన్ ఆపేసి సెన్సర్‌ను శ్రుతికీ నాదానికీ మాత్రమే వదిలేయడం మేలు.